దారిలో దిగనివాడు

గున్వోర్ వంటింటి బల్ల మీది నీలం ఆయిల్‌క్లాత్ లాగి, రొట్టె తునకలు దులిపి, నేల మీద పరిచింది.

"ఇదే సముద్రం. మేజోళ్లు తడుస్తాయి, చూసుకుని నడవండి," అంది.

ఐదేళ్ల కొడుకు షూర్ వెంటనే మునివేళ్ల మీద నడవడం మొదలెట్టాడు. వాడి అక్క తిరిల్‌కి ఎనిమిదేళ్లు. ఇలాంటి సముద్రాలు చాలా చూశానన్నట్టు మధ్యలోంచి నడుచుకుంటూ పోయి అవతలి అంచున కూర్చుంది.

గున్వోర్ బుట్టలోంచి దుంపలు ఏరి దేశాలు పేర్చింది. పొడుగ్గా వంకరగా ఉన్న బంగాళదుంప నార్వే. మొలకలొచ్చింది ఐస్‌లాండ్. దానికి పడమరగా క్యాబేజీ, అది గ్రీన్‌లాండ్. అన్నిటికన్నా దూరంగా, తలుపు దగ్గర, పిండి డబ్బా పెట్టింది. ఓడగా వాడడానికి మొగుడు స్టైనార్ పాత ఉన్ని చెప్పు ఒకటి దొరికింది.

నార్వే తీరాన ఈ స్కార్వోయ్ దీవిలో బడి మూసేసి ఏడాది దాటింది. పిల్లలు చాలరన్నారు. అవతలి ఊరి బడికి పోవాలంటే పొద్దు పొడవకముందే లాంచీ ఎక్కాలి; షూర్ లాంచీ ఎక్కితే చాలు, తిన్నదంతా కక్కుకుంటాడు. అందుకని గున్వోరే ఇంట్లో చెబుతోంది. ఎలా చెబుతోందో చూడడానికి మునిసిపాలిటీ వాళ్లు ఒక టీచరమ్మని పంపుతుంటారు. మొన్న వసంతంలో ఆవిడ వచ్చి, "లెక్కలు బాగున్నాయి. చరిత్రే పల్చగా ఉంది," అని పెదవి విరిచి వెళ్లింది. గురువారం మళ్లీ వస్తోంది. ఆలోపు చరిత్రని కాస్త చిక్కబరచాలి.

"అమెరికాని మొట్టమొదట చూసిన మనవాడు ఎవరో చెప్పండి?"

"లీఫ్!" అని అరిచాడు షూర్.

"లీఫ్ అక్కడ మొదట దిగినవాడు. అంతకు ముందే చూసినవాడు ఇంకొకడున్నాడు, బ్యార్ని అని. అక్కడుండేవాళ్లు ఎప్పట్నించో చూస్తూనే ఉన్నారనుకోండి, నేను చెప్పేది మనవాళ్ల సంగతి." గున్వోర్ చెప్పుని బంగాళదుంప పక్కన పెట్టింది. "ఈ బ్యార్ని ఓడలో సరుకులు తిప్పి అమ్ముకునేవాడు. ఒక చలికాలం నార్వేలో ఉండేవాడు, ఇంకో చలికాలం ఐస్‌లాండ్‌లో వాళ్ల నాన్న దగ్గర. ఒకసారి నిండా సరుకేసుకుని ఐస్‌లాండ్ వెళ్తే ఏముంది, నాన్న లేడు! అన్నీ అమ్ముకుని గ్రీన్‌లాండ్ వెళ్లిపోయాడన్నారు. మన బ్యార్ని మూటలైనా దించలేదు. 'ఈ చలికాలం మా నాన్న దగ్గరే ఉంటా' అని ఓడ అటు తిప్పాడు. అతనికి దారి తెలీదు, ఓడలో ఎవరికీ తెలీదు."

దారిలో పొగమంచు కమ్మిందని చెబుతూ గున్వోర్ తన ఎప్రన్ విప్పి చెప్పు మీద కప్పింది. దాని కిందే చెప్పుని అటూ ఇటూ తిప్పి, చివరికి పిండి డబ్బా దగ్గర బయటికి తీసింది.

"మంచు విడిపోయేసరికి ఎదురుగా నేల! నిండా చెట్లు. ఓడలో వాళ్లు ఎగిరి గంతేశారు. దిగుదాం, కట్టెలు కొట్టుకుందాం, నీళ్లు పట్టుకుందాం అన్నారు. బ్యార్ని చూశాడు. మంచు కొండలు లేవు. అంటే గ్రీన్‌లాండ్ కాదు. దిగేది లేదు, పదండి అన్నాడు. ఇంకో చోట నేల కనబడింది. మళ్లీ అదే మాట. మూడోచోట కూడా అదే. వాళ్లు ఎంత గోల పెట్టినా ససేమిరా అన్నాడు."

ఇక్కడికొచ్చేసరికి గున్వోర్‌కి నవ్వొచ్చింది. చిన్నప్పుడు ఆమెకి పాఠం చెప్పినాయన కూడా సరిగ్గా ఇక్కడే నవ్వేవాడు.

"చూశారా మరి! ఎదురుగా కొత్త ఖండం. ఒక్క కాలు పెడితే చాలు, వెయ్యేళ్లు పేరు. పెట్టలేదు మహానుభావుడు!"

షూర్ సముద్రం మీద పడి దొర్లుతూ నవ్వాడు. తిరిల్ నవ్వలేదు.

"వాళ్ల నాన్న దొరికాడా?" అంది.

"ఆఁ, దొరికాడు. తిన్నగా ఆయన ఉన్న ఒడ్డుకే చేరాడు."

"తర్వాత?"

"తర్వాత ఏముంది, ఓడ తిప్పడం మానేసి నాన్నతోనే ఉండిపోయాడు."

"మరి నవ్వుతావేం?"

గున్వోర్ ఎప్రన్ మడిచింది. "అందరూ నవ్వారమ్మా. ఆ రోజుల్లోనే నవ్వారట. అంత దూరం పోయి, అక్కడేముందో చూద్దామన్న ఆశే లేదా నీకు అని. సరే, ఇప్పుడు అసలు కథ. నువ్వు లీఫ్‌వి. ఓడ తీసుకుని బయల్దేరు."

తిరిల్ చెప్పు తీసుకుంది. క్యాబేజీ దగ్గరికి జరిపి, దాని పక్కకి ఆనించి, చెయ్యి తీసేసింది.

"ఇక్కడే ఉంటుంది," అంది.

లీఫ్ వేషం షూర్‌కి దక్కింది. వాడు పిండి డబ్బా ఎక్కి నిలబడి ఇల్లెగిరిపోయేలా కేకలేశాడు.

సాయంత్రం స్టైనార్ ఫోన్ చేశాడు. అతను ఉత్తరాన చేపల ఓడలో ఇంజను చూస్తాడు. వచ్చేవారం ఓడ ట్రోమ్సో రేవులో ఆగినప్పుడు దిగి ఇంటికి రావాలి. మాటకీ మాటకీ మధ్య గాలి హోరు వినబడుతోంది.

"నాతో ఇంజను చూసే యోస్టైన్ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు," అన్నాడు. "నన్ను దిగొద్దంటున్నారు. ఇటునించి ఇటే ఇంకో ట్రిప్పు చెయ్యమంటున్నారు. అంటే క్రిస్మస్ దగ్గర పడుతుంది. ఏమంటావ్?"

గున్వోర్ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని రెండో చేత్తో గిన్నె కడుగుతోంది. గిన్నె అప్పటికే శుభ్రంగా ఉంది.

"నీ ఇష్టం. మాకేం, నడిచిపోతోంది."

"పిల్లలు?"

"వాళ్లకేం. బాగున్నారు. నువ్వు ఇక్కడి గురించి బెంగపడకు."

"సరే అయితే. కెప్టెన్‌కి ఒకట్రెండు రోజుల్లో చెబుతా," అన్నాడు. ఇంకా ఏదో అంటాడనుకుంది. లైను తెగింది.

వెనక్కి తిరిగితే తిరిల్ మెట్ల మీద కూర్చుని మేజోడు తిరగేసి తొడుక్కుంటోంది. అది ముందే సరిగ్గా ఉందని గున్వోర్‌కి తర్వాత తోచింది.

మర్నాడంతా గొర్రెల పని. కొండ మీంచి దించుకొచ్చిన గొర్రెలకి గిట్టలు కత్తిరించాలి. గున్వోర్ ఒక్కొక్కదాన్నీ కూలేసి మోకాళ్ల మధ్య బిగించి కత్తెర ఆడిస్తుంటే పిల్లలు పక్కన ఎండుగడ్డి మీద కూర్చుని పాఠం అప్పజెప్పారు. ఐస్‌లాండ్‌కి ఎవరు, గ్రీన్‌లాండ్‌కి ఎవరు, ఆఫ్రికా చుట్టూ తిరిగి ఇండియా దాకా పోయింది ఎవరు. తిరిల్ ఒక్క పేరు తప్పలేదు. టీచరమ్మ వచ్చినా ఢోకా లేదనుకుంది గున్వోర్.

"అమ్మా, బ్యార్ని వాళ్లమ్మ ఏమైంది?"

"ఆవిడ గురించి కథలో లేదు."

తిరిల్ ఒక గడ్డిపరక నోట్లో పెట్టుకుని కొరికింది. "ఆవిడని కూడా అడిగే ఉంటారు. మాకేం, నడిచిపోతోంది అని ఉంటుంది."

గొర్రె ఒక్కసారిగా కాలు విదిలించింది. గున్వోర్ కత్తెర పక్కన పడేసి దాన్ని మళ్లీ బిగించి పట్టుకుంది. పిల్ల మొహం చూడాలనుకుంది కానీ గొర్రె తల అడ్డొచ్చింది.

గురువారం పొద్దున లాంచీలోంచి టీచరమ్మ ఆస్లౌగ్ దిగింది. అరవయ్యేళ్ల సన్నటి మనిషి. గుమ్మంలో బూట్లు విడిచి, సంచిలోంచి సొంత మందపాటి మేజోళ్లు తీసి వేసుకుంది. కాఫీ ఇస్తే తాగింది. చక్కెర వద్దంది. షూర్ చేత అక్షరాలు చదివించింది, తిరిల్ చేత గుణకారాలు చేయించింది. గున్వోర్ పొయ్యి దగ్గర నిలబడి చేప కట్లెట్లు వేయిస్తోంది. చెవులన్నీ బల్ల దగ్గరే.

"ఇక చరిత్ర," అంది ఆస్లౌగ్. "లోకాన్ని కనుక్కున్నవాళ్ల గురించి నేర్చుకున్నావట. నీ ఉద్దేశంలో వాళ్లందరిలో గొప్పవాడెవరు?"

"బ్యార్ని," అంది తిరిల్.

గున్వోర్ చేతిలో గరిటె ఆగింది.

"బ్యార్నియా?" ఆస్లౌగ్ కళ్లజోడు సర్దుకుంది. "అతను ఏ నేల మీదా కాలు పెట్టలేదు కదమ్మా. చూసి వచ్చేశాడంతే. అలాంటివాణ్ణి కనుక్కున్నవాళ్ల లెక్కలో వెయ్యరు."

"దారి చెప్పింది అతనే. లీఫ్ అతని ఓడే కొనుక్కున్నాడు. ఆ ఓడలోనే వెళ్లాడు."

"అది నిజమే. కానీ అతనికి ఆసక్తి లేదని అతని కాలంలోవాళ్లే తప్పుపట్టారు."

"తప్పుపట్టినవాళ్ల నాన్నలు ఇంట్లో ఉండుంటారు," అంది తిరిల్.

పెనం మీద నూనె చిటపటలాడింది. ఆస్లౌగ్ ఏదో రాసుకోబోయి, కలం అలాగే పట్టుకుని కిటికీ వైపు చూసింది. గున్వోర్‌కి మెడ దాకా వేడి పాకింది. కట్లెట్ల అడుగు మాడుతోంది.

"తిరిల్, ఇలా రా," అని పిలిచి, కట్టెల గదిలోకి తీసుకెళ్లి తలుపు చేరవేసింది.

"లీఫ్ అంటే నీ సొమ్మేం పోయేది? నీకు తెలుసు కదా, ఆవిడ ఎందుకొచ్చిందో! మళ్లీ చరిత్ర రాలేదని రాస్తే రోజూ లాంచీ ఎక్కాలి, తమ్ముడూ నువ్వూను. అంత మొండితనమేంటే?"

"ఆవిడ నా ఉద్దేశం అడిగింది," అంది తిరిల్.

"ఉద్దేశాలు తర్వాత. ముందు అడిగినదానికి సరిగ్గా చెప్పడం నేర్చుకో."

తిరిల్ తలొంచుకుంది. ఏడవలేదు. గున్వోర్ వెనక్కొచ్చి మాడిన కట్లెట్లు తీసి, కొత్తవి వేసి, ఆస్లౌగ్‌కి నవ్వుతూ కంచం పెట్టింది. షూర్ కూర్చుని తిన్నాడు. తిరిల్ కట్టెల గదిలో అలిగిందనుకున్నారు. ఆకలేస్తే అదే వస్తుందిలే అంది గున్వోర్. భోజనం అయ్యాక ఆస్లౌగ్ ఏవో పుస్తకాలు చూపించింది, ఏ వయసుకి ఏవి మంచివో చెప్పింది. గున్వోర్ తలూపింది. బయట వెలుతురు తగ్గినట్టయితే లైటు వేసింది. అప్పుడు చూసింది, కిటికీ అవతల ఏమీ లేదు. గొర్రెల కొట్టం లేదు, కంచె లేదు. అంతా తెల్లగా ఉంది.

"పొగమంచు దిగింది. ఇక లాంచీ రాదు," అంది. "మీరు ఈ రాత్రికి మా ఇంట్లోనే ఉండాలి." అని కట్టెల గది తలుపు తీసింది. "తిరిల్, అలిగింది చాలు."

గదిలో కట్టెలున్నాయి. పెరటి తలుపు ఓరగా ఉంది. చిలక్కొయ్యకి తిరిల్ కోటు లేదు.

గున్వోర్ టోపీ కూడా పెట్టుకోకుండా పరిగెత్తింది. కొట్టంలో చూసింది. "తిరిల్!" అని పిలిస్తే గొంతు మంచులో ఇంకిపోయింది. ఇటు కొండ, అటు రాళ్లు, రాళ్ల కింద నీళ్లు. ఎటు? వెనక ఠంగ్ ఠంగ్‌మని మోత వినబడితే తిరిగి చూసింది. ఆస్లౌగ్ ఒక చేత్తో షూర్ చెయ్యి పట్టుకుని, వాడి చేత గిన్నె మూత మీద గరిటెతో కొట్టిస్తూ వస్తోంది.

"నువ్వు ముందు నడువు," అంది ఆస్లౌగ్. ఎప్పుడు 'నువ్వు'లోకి దిగిందో ఇద్దరూ గమనించలేదు. "మేం మోగిస్తూనే ఉంటాం. మోతకి మరీ దూరం పోకు. రేవుకి దారి ఏది?"

రేవు! గున్వోర్ కంచె పట్టుకుని, తడుముకుంటూ, జారుతూ దిగింది. రేవు దగ్గర లాంచీ కోసం ఆగేవాళ్లకి ఒక చెక్క గది ఉంది. దాని తలుపు తోసింది.

తిరిల్ బెంచీ మీద కూర్చుని ఉంది. కోటు బొత్తాములు పైదాకా పెట్టుకుంది. ఒళ్లో సంచి. కాళ్లు నేలకి అందక ఊగుతున్నాయి.

గున్వోర్ మోకాళ్ల మీద కూలబడి ఆ కాళ్లు పట్టుకుంది. కొట్టాలనిపించింది, ముద్దు పెట్టుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేక బూట్ల లేసులు గట్టిగా బిగించి కట్టింది.

"ఎక్కడికే తల్లీ?"

"ట్రోమ్సోకి. నాన్న ఓడ అక్కడ ఆగుతుంది కదా."

"ఒక్కదానివేనా? అది ఎంత దూరమో తెలుసా? ఎన్ని రేవులు దాటాలో తెలుసా?"

"తెలుసు." తిరిల్ సంచి దగ్గరికి లాక్కుంది. "దారిలో ఏం కనబడినా దిగకూడదనుకున్నా."

గుమ్మంలో గిన్నె మూత మోత ఆగింది. ఆస్లౌగ్ షూర్‌ని ఎత్తుకుని నిలబడి ఉంది. ఆమె వాడి టోపీ చెవుల మీదికి లాగింది. అది అప్పటికే చెవుల మీద ఉంది.

ఇంటికొచ్చాక గున్వోర్ చేపల సూప్ కాచింది. తిరిల్ రెండు గిన్నెలు తాగింది. కాసేపటికి ఆస్లౌగ్ కుర్చీలోంచి లేచి, బల్ల మీది గుడ్డ కొస పట్టుకుని, "ఇదేనా సముద్రం? మీ తమ్ముడు చెప్పాడు," అంది.

తిరిల్ అమ్మ వైపు చూసింది. గున్వోర్ గిన్నెలు తీసేసింది.

ఆస్లౌగ్ మోకాలు పట్టుకుని మూలుగుతూ నేల మీద చతికిలబడింది. "నాకు ఆ ప్రయాణం ఎప్పుడూ సరిగ్గా అర్థం కాలేదు. నువ్వు బ్యార్నివి. నేను ఓడలో కూలిదాన్ని. చెప్పు, ఎటు?"

తిరిల్ నెమ్మదిగా చెప్పు తోసింది. నేల కనబడగానే ఆస్లౌగ్ గోల మొదలెట్టింది. "దిగుదాం నాయకా! నీళ్లు అయిపోయాయి, కట్టెలు అయిపోయాయి, నా నడుం పడిపోయింది!"

"పీపాలో నీళ్లున్నాయి, నేను చూశా. నడుం సంగతి నాన్న దగ్గర చూద్దాం."

"నీకు జాలి లేదు!"

"తెడ్డు వెయ్యి," అంది తిరిల్. షూర్ కిచకిచ నవ్వాడు. ఈసారి తిరిల్ కూడా నవ్వింది.

గున్వోర్ వాళ్లని చూస్తూ కాసేపు నిలబడి, ఫోన్ తీసుకుని కట్టెల గదిలోకి వెళ్లింది. ఓడకి లైను దొరకడానికి చాలాసేపు పట్టింది. ఎవరో వెళ్లి స్టైనార్‌ని ఇంజను గదిలోంచి పిలుచుకొచ్చారు.

"ఏమైంది?" అన్నాడు వగరుస్తూ. ఆమె తనంతట తాను ఎప్పుడూ ఓడకి ఫోన్ చెయ్యలేదు.

"ఏం కాలేదు. అందరం బాగున్నాం," అంది అలవాటుగా. అని, కళ్లు మూసుకుంది. "కాదు. బాగాలేం. స్టైనార్, ఇక్కడ నడవడం లేదు. నువ్వు దిగి వచ్చెయ్."

అవతల గాలి హోరు. ఆమె కట్టెల మీద బెరడు ఒలుస్తూ నిలబడింది.

"కెప్టెన్‌కి చెప్పేశావా?"

"ఇంకా లేదు," అన్నాడు. "రోజూ పొద్దున్నే చెబుదామని వెళ్తా, సాయంత్రం దాకా చూద్దామని వచ్చేస్తా."

"ఏం చూద్దామని?"

"ఎన్నేళ్లనుంచో అడుగుతున్నాను, ఏమంటావ్ అని. నువ్వేమో నీ ఇష్టం అంటావు. నేను లేకపోయినా మీకు బాగానే జరుగుతోందనుకున్నా. ఉన్నా పెద్ద తేడా ఉండదేమో అనుకున్నా." గాలి హోరు దాటి వినబడేలా గట్టిగా అన్నాడు. "వస్తున్నా."

గున్వోర్ తలూపింది. తలూపితే అతనికి కనబడదని తెలిసీ మళ్లీ ఊపింది.

పొద్దునకి మంచు విడిపోయింది. రేవు దగ్గర లాంచీ ఎక్కబోతూ ఆస్లౌగ్ గున్వోర్ చెయ్యి పట్టుకుంది.

"చరిత్ర పల్చగా ఏం లేదు. నేనే గట్టిగా కలియబెట్టి చూడలేదు," అంది. "పిల్ల తను నమ్మినదానికి కారణం చూపిస్తోంది, ఎదుటివాళ్లు కాదన్నా జారిపోవడం లేదు. అదే రాస్తాను. వసంతంలో వస్తా. ఆ చేప కట్లెట్లు మాత్రం మాడ్చకుండా చెయ్యి."

తర్వాతి వారం స్టైనార్ వచ్చాడు. గడ్డం పెరిగి, బట్టలకి డీజిలు వాసనతో, రెండు చేతుల్లో రెండు సంచులతో దిగాడు. షూర్ మొదట అమ్మ వెనక దాక్కుని, తర్వాత నాన్న మెడకి ఉయ్యాలలా వేళ్లాడాడు. తిరిల్ దగ్గరికొచ్చి నాన్న చెయ్యి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు. రాత్రి అన్నం దగ్గర కూడా ఎడంచేత్తో అతని చొక్కా అంచు పట్టుకునే తింది. పడుకునేముందు రెండుసార్లు లేచి వచ్చి, అతను కుర్చీలోనే ఉన్నాడని చూసుకుని వెళ్లింది.

మర్నాడు పొద్దున కూడా వెంటే తిరిగింది. కొట్టంలోకి పోతే కొట్టంలోకి, బావి దగ్గరికి పోతే బావి దగ్గరికి. ఆ మర్నాడు స్టైనార్ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, "ఇవాళ మీ పాఠం నేను చెబుతా," అని చేతులు రుద్దుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. వంటింట్లో గున్వోర్ ఒక్కతే ఉంది.

"పిల్లలేరీ?"

"వెళ్లారు. దీవి ఉత్తరం కొసన ఏముందో చూసొస్తారట. రొట్టెలు కట్టించుకున్నారు. చీకటి పడేలోపు వస్తామన్నారు."

"నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?" స్టైనార్ కుర్చీలో కూలబడ్డాడు. "నా కోసం ఒక్కతే రేవుకి పోయి కూర్చుందన్నావ్. తీరా నేనొస్తే నా మొహం చూసే తీరికే లేదా దానికి?"

"వెళ్తూ అడిగింది, సాయంత్రం నువ్వు ఇంట్లోనే ఉంటావా అని. ఉంటాడన్నాను. అంతే, పరుగు."

స్టైనార్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కొండ మీద, చాలా పైన, రెండు ఎర్ర టోపీలు కదులుతున్నాయి. పెద్ద టోపీ ముందు, చిన్న టోపీ వెనక. శిఖరం దగ్గర అవి ఆగాయి. ఇటు తిరిగి చూస్తారని అతను చెయ్యెత్తాడు. చూడలేదు. అవతలి వైపు దిగిపోయాయి.

అతను అక్కడే నిలబడ్డాడు. గున్వోర్ రెండు కప్పుల్లో కాఫీ పోసి, ఒకటి తెచ్చి అతని చేతికిచ్చింది.

"తాగు, చల్లారిపోతుంది," అంది. "వాళ్లు రావడానికి చాలా టైముంది."